వాల్వ్ అంకెలు సరే, కండరం సంగతేమిటి? అయోర్టిక్ స్టెనోసిస్‌లో మచ్చ, రక్తపరీక్షలు

గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలోని అయోర్టిక్ వాల్వ్ బిగుసుకుపోయినవాళ్ళ (ఈ జబ్బే అయోర్టిక్ స్టెనోసిస్) ఎకో రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్ళూ మూడు అంకెల మీదకే పోతాయి. వాల్వ్ గుండా రక్తం దూసుకెళ్ళే గరిష్ఠ వేగం, సగటు గ్రేడియెంట్ (వాల్వుకు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా), వాల్వ్ తెరుచుకునే వైశాల్యం. వేగం సెకనుకు 4 మీటర్లు, గ్రేడియెంట్ 40 మి.మీ. పాదరసం దాటితే, వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు లోపుకి పడిపోతే 'సివియర్' అని రాస్తారు. ఆరోగ్యంగా ఉన్న వాల్వ్ 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది కాబట్టి, అది ఎంత ఇరుకైందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఈ మూడూ వాల్వ్ గురించిన అంకెలు. ఆ ఇరుకు గుండా ఏళ్ళ తరబడి రక్తాన్ని నెట్టుకొస్తున్న ఎడమ జఠరిక కండరం ఎలా ఉందో ఇవి చెప్పవు. ఒకే గ్రేడియెంట్ ఉన్న ఇద్దరిలో ఒకరి కండరం ఇంకా గట్టిగా ఉంటుంది, ఇంకొకరి కండరంలో అప్పటికే మచ్చ కట్టి ఉంటుంది. వాల్వ్ మార్చాక ఎవరు పూర్తిగా కోలుకుంటారన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది. ఇక ఎజెక్షన్ ఫ్రాక్షన్ (జఠరిక ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం శాతం) అంటారా, అది పడిపోయేది బాగా ఆలస్యంగా. 60 శాతం ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ముందు మచ్చ ఎలా కడుతుందో చూద్దాం. జఠరికలో ఒత్తిడి పెరిగినప్పుడు కండరం మందమవుతుంది. గోడ మందమైతే ఆ ఒత్తిడి ఎక్కువ కండరం మీద పంచుకుపోతుంది కాబట్టి మొదట్లో ఇది మేలే చేస్తుంది. కానీ కణాలు లావైనంత వేగంగా వాటి చుట్టూ కేశనాళికలు పెరగవు. పైగా లోపలి పొర మీద ఒత్తిడి ఎక్కువ, దానికి రక్తం అందే సమయం తక్కువ. దాంతో ఆక్సిజన్ చాలక కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. యాంజియోటెన్సిన్, టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలు పీచు తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను పోయిస్తాయి.

ఇలా పీచు కట్టడమే ఫైబ్రోసిస్. ఇక్కడ రెండు రకాల ఫైబ్రోసిస్‌ను విడివిడిగా అర్థం చేసుకోవాలి. ఒకటి కణాల మధ్య ఖాళీల్లో అంతటా పలచగా పేరుకునే పీచు. గుండె మీద భారం దిగితే ఇది కొంతవరకు కరుగుతుంది. రెండోది చచ్చిన కణాల స్థానంలో కట్టే మచ్చ. ఇది పోదు. వాల్వ్ మార్పిడికి ముందూ, ఏడాది తర్వాతా 116 మందికి ఎం‌ఆర్‌ఐ తీసి పోల్చిన లండన్ బృందం 2018లో చూపించింది ఇదే: కండరం బరువు తగ్గింది, పలచటి పీచు కూడా తగ్గింది, మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది. 'వాల్వ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చులే' అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. వాల్వ్ మారుతుంది, మచ్చ మారదు.

మరి ఆ రెండో రకం మొదలవుతోందని ముందే పసిగట్టడం ఎలా? అందరికీ ఎం‌ఆర్‌ఐ తీయలేం. రక్తపరీక్షల అవసరం ఇక్కడే వస్తుంది.

ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ

జఠరిక గోడ సాగి ఒత్తిడికి లోనైనప్పుడు కండర కణాలు ప్రోబీఎన్‌పీ అనే 108 అమైనో ఆమ్లాల గొలుసును తయారుచేస్తాయి. అది రెండు ముక్కలై 32 అమైనో ఆమ్లాల బీఎన్‌పీగా, 76 అమైనో ఆమ్లాల ఎన్‌టి-ప్రోబీఎన్‌పీగా రక్తంలోకి వస్తుంది. మొదటిది పనిచేసే హార్మోన్, సుమారు 20 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. రెండోది ఏ పనీ చేయదు కానీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ల్యాబ్‌కి నమూనా చేరడం ఆలస్యమయ్యే మన ఊళ్ళలో రెండోదే నమ్మకం. బీఎన్‌పీకి తప్పనిసరిగా ఈడీటీఏ ట్యూబులోనే రక్తం తీయాలి, తొందరగా పరీక్ష చేయాలి.

ఈ పరీక్ష గోడ మీద ఉన్న ఒత్తిడిని కొలుస్తుంది, మచ్చను కాదు. మచ్చ ఉన్నవాళ్ళలో ఎక్కువగా ఉండటం నిజమే. కానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నా, కిడ్నీ దెబ్బతిన్నా, వయసు మీదపడినా అది పెరుగుతుంది. ఆడవాళ్ళలో సహజంగానే కొంచెం ఎక్కువ. ఊబకాయంలో మాత్రం తగ్గుతుంది. బాగా బరువున్న మనిషికి అంకె మామూలుగా వచ్చిందంటే కండరం బాగుందని అర్థం కాదు.

ల్యాబ్ రిపోర్టు మీద 'నార్మల్: 125 లోపు' అని అందరికీ ఒకటే గీత అచ్చువేసి ఉంటుంది. ఆ గీత 75 ఏళ్ళ లోపువాళ్ళది. 75 దాటినవారికి అదే పరీక్షలో 450 గీత వాడతారు. 79 ఏళ్ళ పెద్దావిడకి 310 వస్తే ఎరుపు రంగు చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. 48 ఏళ్ళ మగమనిషికి అదే 310 వస్తే మాత్రం నిజంగానే ఆలోచించాలి. అందుకే నిపుణులు అంకెను కాక నిష్పత్తిని చూస్తారు. వచ్చిన విలువను ఆ వయసుకీ, ఆడా మగా అన్నదానికీ తగ్గ గరిష్ఠ మామూలు విలువతో భాగిస్తారు. ఆ నిష్పత్తి 3 దాటితే, మరో కారణమేదీ కనిపించకపోతే, లక్షణాలు లేకపోయినా వాల్వ్ మార్పిడి గురించి ఆలోచించవచ్చని 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు, 2021 నాటి యూరప్ మార్గదర్శకాలు రెండూ చెప్పాయి.

ఒక్కసారి చేయించిన పరీక్ష కన్నా ఆరునెలలకోసారి చేయించినవాటి వరుసకే విలువెక్కువ. కాకపోతే ఆ వరుస అంతా ఒకే ల్యాబులో, ఒకే కంపెనీ మిషన్ మీద నడవాలి. బీఎన్‌పీ, ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగినవి కావు. పోయినసారి బీఎన్‌పీ 180, ఈసారి ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ 900 అని చూసి ఐదింతలు పెరిగిందని భయపడిపోతారు, నిజానికి ఏమీ మారకపోయి ఉండొచ్చు. శరీరంలో రోజువారీ హెచ్చుతగ్గులు కూడా తక్కువేం కాదు. 30 శాతం లోపు మార్పును మార్పుగా లెక్కపెట్టకపోవడమే మంచిది. హార్ట్ ఫెయిల్యూర్‌కి సాక్యుబిట్రిల్ ఉన్న మాత్ర వాడుతుంటే బీఎన్‌పీ దానంతటదే పెరుగుతుంది. అలాంటివారికి ఎన్‌టి-ప్రోబీఎన్‌పీనే చేయించాలి.

ట్రోపోనిన్

మచ్చకు దగ్గరగా వచ్చే పరీక్ష ఇదే. కణం దెబ్బతింటే కారే ప్రోటీన్ కాబట్టి, లోపల కణాలు కొద్దికొద్దిగా చస్తున్నాయన్న సంగతిని ఇది నేరుగా చెబుతుంది. అయితే ఇది హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్ అయ్యుండాలి. క్యాజువాలిటీలో వేలిమీద చుక్క తీసి కార్డు మీద వేసే 'పాజిటివ్, నెగెటివ్' పరీక్ష ఇందుకు ఎందుకూ పనికిరాదు. గుండెపోటులో వచ్చే పెద్ద పెరుగుదలను పట్టడానికే దాన్ని తయారుచేశారు. అయోర్టిక్ స్టెనోసిస్‌లో మనం వెతికేది లీటరుకు 6, 10, 20 నానోగ్రాముల స్థాయిలో ఉంటుంది.

యూనిట్ల దగ్గర చాలామంది బోల్తాపడతారు. ఒక ల్యాబు మిల్లీలీటరుకు 0.014 నానోగ్రాములని రాస్తుంది, ఇంకొకటి లీటరుకు 14 నానోగ్రాములని, మరొకటి మిల్లీలీటరుకు 14 పికోగ్రాములని. మూడూ ఒకటే. ట్రోపోనిన్ టి, ట్రోపోనిన్ ఐ మాత్రం ఒకటి కావు, వాటి గీతలూ వేరు. టికి ఆరోగ్యవంతుల 99వ పర్సెంటైల్ గీత, అంటే వాళ్ళలో నూటికి 99 మంది దాటని గీత, లీటరుకు 14 నానోగ్రాములు. ఐ పరీక్షల్లో కంపెనీనిబట్టి, ఆడా మగానుబట్టి గీత మారుతుంది.

రక్తం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇవ్వాలి. ట్రెడ్‌మిల్ చేసిన రోజునో, కొండ మెట్లెక్కి వచ్చిన మర్నాడో ఇస్తే అంకె పెరిగి తప్పుదారి పట్టిస్తుంది. జుట్టు కోసం, గోళ్ళ కోసం పెద్ద మోతాదులో బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి కొన్ని మిషన్ల మీద ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి ల్యాబువాళ్ళకి ముందే చెప్పాలి.

ఇంకో పేచీ ఎమర్జెన్సీలో వస్తుంది. వాల్వ్ జబ్బున్న మనిషి ఏదో నొప్పితో వెళ్తే ట్రోపోనిన్ 32 అని వస్తుంది, వెంటనే గుండెపోటు అంటారు. అది ఏడాదిగా అలాగే 30 దగ్గర ఉన్న మనిషి కావచ్చు. 1 నుంచి 3 గంటల తేడాతో రెండోసారి తీసి చూస్తే తేలిపోతుంది. గుండెపోటులో అంకె ఎక్కడమో దిగడమో జరుగుతుంది, దీర్ఘకాలిక గాయంలో ఉన్నచోటే ఉంటుంది. అందుకని పాత ట్రోపోనిన్ రిపోర్టు జేబులో పెట్టుకుని తిరగడం వాల్వ్ జబ్బున్నవాళ్ళకి ఎంతో మేలు.

ఈ రెంటితోపాటు మామూలు ఈసీజీని చిన్నచూపు చూడొద్దు. వీ5, వీ6 లీడ్లలో ఎస్‌టీ భాగం కిందికి జారి, టీ అల తలకిందులైన 'స్ట్రెయిన్' ఆనవాలు ఉంటే గోడ మధ్యలో మచ్చ ఉండే అవకాశం చాలా ఎక్కువ. దీనికయ్యే ఖర్చూ తక్కువే.

గలెక్టిన్-3, ఎస్‌టీ2, కొల్లాజెన్ తయారీలో ఊడిపడే పీఐసీపీ లాంటివి 'ఫైబ్రోసిస్ మార్కర్ల' పేరుతో కొన్ని ప్యాకేజీల్లో కనిపిస్తాయి. నా ఉద్దేశంలో ఈ జబ్బులో వాటికి డబ్బు పెట్టక్కర్లేదు. కొల్లాజెన్ గుండెలోనే కాదు, ఎముకలోనూ కాలేయంలోనూ తయారవుతుంది. మోకాళ్ళ అరుగుదల, ఎముకల గుల్లతనం, కొవ్వు కాలేయం ఉన్న 70 ఏళ్ళ మనిషి రక్తంలో తేలే ముక్క ఎక్కడిదో చెప్పలేం. గలెక్టిన్-3 కిడ్నీ పనితీరుతో పాటే మారిపోతుంటుంది. పరిశోధనలో వాటి పాత్ర వాటిది, చికిత్స నిర్ణయంలో ఇంకా చోటు దొరకలేదు.

ఎం‌ఆర్‌ఐలో ఏం చూడాలి

ట్రోపోనిన్, ఈసీజీ అనుమానం రేపాక నిర్ధారణ కార్డియాక్ ఎం‌ఆర్‌ఐతోనే. గడోలినియం మందును కిలోకు 0.1 నుంచి 0.2 మిల్లీమోల్ లెక్కన ఎక్కించి, 10-15 నిమిషాలు ఆగి తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కండరం నల్లగా ఉండేలా మిషన్‌ను సర్దుతారు. మందు మచ్చలో నిలిచిపోతుంది కాబట్టి అక్కడ తెల్లగా మెరుస్తుంది. అయోర్టిక్ స్టెనోసిస్ మచ్చ సాధారణంగా గోడ మందంలో మధ్యన గీతలాగానో చుక్కల్లాగానో కనిపిస్తుంది. లోపలి పొర నుంచి మొదలై ఒక రక్తనాళం పరిధిలోనే ఉంటే అది పాత గుండెపోటుది, దాని లెక్క వేరు. కుడి జఠరిక గోడ వచ్చి కలిసే రెండు మూలల్లో కనిపించే చిన్న తెలుపును మచ్చగా లెక్కించరాదు. రిపోర్టుల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మూలల దగ్గరే.

ఈ మచ్చ ఎంత బరువైన సంగతో 2018లో బ్రిటన్‌లో 6 కేంద్రాల నుంచి వచ్చిన 674 మంది లెక్క చెబుతుంది. అందరూ వాల్వ్ మార్పిడికి సిద్ధమైన సివియర్ రోగులే. వాళ్ళలో దాదాపు సగం మందికి మచ్చ ఉంది. సుమారు మూడున్నరేళ్ళలో మచ్చ ఉన్నవాళ్ళలో 26.4 శాతం, లేనివాళ్ళలో 12.9 శాతం మంది చనిపోయారు. వాల్వ్ మార్చినా ఆ తేడా నిలిచే ఉంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పక్కనున్న మంచి కండరంతో పోలిస్తేనే మచ్చ తేలుతుంది. తెల్లచీర మీద మరక కనిపిస్తుంది గాని, చీరంతా ఒకేలా మాసిపోతే ఏ మరకా విడిగా తెలియదు. అంతటా పరుచుకున్న పలచటి పీచు అలాంటిదే. దాన్ని పట్టడానికి టీ1 మ్యాపింగ్ చేసి (స్కాన్ కదిపిన కణజాలం మళ్ళీ మామూలు స్థితికి రావడానికి పట్టే సమయమే టీ1) ఈసీవీ, అంటే కణాల వెలుపలి భాగం శాతం, లెక్కకడతారు. మామూలుగా అది 25 శాతం దగ్గర్లో ఉంటుంది.

ఈసీవీ లెక్కలో రక్తపరీక్ష మళ్ళీ ప్రవేశిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. మందుకు ముందు కండరం టీ1 1000 మిల్లీసెకన్లు, తర్వాత 450. రక్తం టీ1 ముందు 1600, తర్వాత 300. వీటిని సెకన్లలోకి మార్చి ఒక్కోదాని విలోమం తీసి తేడా చూస్తే కండరానికి 1.222, రక్తానికి 2.708 వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.451. దీన్ని ఒకటిలోంచి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) తీసేసిన విలువతో గుణించాలి. హెమటోక్రిట్ 40 శాతమైతే ఈసీవీ 27.1 శాతం. అది 45 అనుకుంటే 24.8. 35 అయితే 29.3. బొమ్మలు అవే, మిషన్ అదే, మనిషీ అదే. హెమటోక్రిట్ అంకె ఒక్కటి మారితే 'మామూలే' అన్న రిపోర్టు 'పీచు పెరిగింది' అన్న రిపోర్టుగా మారిపోయింది.

అందుకే మూణ్ణెల్ల కిందటి సీబీపీ కాగితం చూసి హెమటోక్రిట్ ఎక్కించకూడదు. స్కాన్ కోసం సూది పెట్టినప్పుడే, మందు ఎక్కించకముందే, అదే సూది నుంచి రక్తం తీసి పంపాలి. మన దగ్గర రక్తహీనత ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. పైగా ఇరుకు వాల్వ్ గుండా దూసుకెళ్ళేటప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ తునిగిపోయి, పేగుల్లోని బలహీనమైన రక్తనాళాల నుంచి రక్తం కారే హైడ్ సిండ్రోమ్ ఈ జబ్బులోనే వస్తుంది. కారణం తెలియని రక్తహీనత, నల్లటి విరేచనం ఉంటే వాల్వ్ డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 లోపుంటే గడోలినియం రకం ఎంచుకోవడంలో జాగ్రత్తపడాలి. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా, ఊపిరి బిగబట్టలేకపోయినా బొమ్మలు చెదిరిపోతాయి. ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే టావీ కోసం ఎలాగూ సీటీ తీస్తారు కాబట్టి, కొన్ని నిమిషాలాగి ఇంకో విడత తీసి ఈసీవీని సీటీతోనే లెక్కకట్టే పద్ధతి కూడా వచ్చింది. ఎం‌ఆర్‌ఐ కుదరనివాళ్ళకి మంచి దారి.

ఈసీవీ మరీ ఎక్కువగా, 40 శాతం పైన వచ్చిందంటే అది స్టెనోసిస్ పీచు మాత్రమే కాకపోవచ్చు, గుండె కండరంలో పేరుకునే అసాధారణ ప్రోటీన్ అయిన అమిలాయిడ్‌ను అనుమానించాలి. టావీకి వచ్చే పెద్దవయసు వాళ్ళలో సుమారు ఎనిమిదిమందికి ఒకరిలో ఇది కూడా ఉన్నట్టు అధ్యయనాలున్నాయి. గోడ బాగా మందంగా ఉన్నా ఈసీజీలో అలలు చిన్నవిగా ఉండటం, ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ, ట్రోపోనిన్ వాల్వ్ తీవ్రతకు మించి ఉండటం, రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయ్యుండటం దీని ఆనవాళ్ళు. ముందు రక్తంలో, మూత్రంలో లైట్ చైన్లు (యాంటీబాడీల ముక్కలు) చూసి, తర్వాత పైరోఫాస్ఫేట్ స్కాన్ చేస్తారు. లైట్ చైన్ల పరీక్ష ఎగ్గొట్టి స్కాన్ ఒక్కటీ చేయడం ప్రమాదం, ఎందుకంటే వెంటనే కీమోథెరపీ కావాల్సిన రకం అందులో తప్పిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఎక్కువగా వయసుతో సున్నం పట్టిన వాల్వులకూ, పుట్టుకతో రెండే రేకులున్న వాల్వులకూ వర్తించేది. మన రాష్ట్రాల్లో రుమాటిక్ జ్వరం వల్ల పాడైన వాల్వులు ఇప్పటికీ ఉన్నాయి. రుమాటిక్ అయితే మైట్రల్ వాల్వ్ కూడా దెబ్బతినడం మామూలు. మైట్రల్ ఇరుకైనా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నా ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ వాటివల్లే పెరుగుతుంది. అలాంటి మనిషి దగ్గర పైన చెప్పిన 'మూడింతల' సూత్రాన్ని అయోర్టిక్ వాల్వుకి అంటగట్టకూడదు.

మచ్చ కనిపిస్తే వెంటనే ఆపరేషనేనా?

ఆయాసం, ఛాతీ పట్టేయడం, నడుస్తుంటే కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదున్నా, లేదా ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 లోపుకి పడిపోయినా, సివియర్ వాల్వును మార్చాల్సిందే. మచ్చ కోసం వెతుకుతూ కూర్చునే సమయం కాదది. చర్చంతా లక్షణాలు లేని సివియర్ రోగుల గురించే.

ఇదే ప్రశ్నను ఎడిన్‌బరో బృందం ఎవాల్వ్డ్ అనే ట్రయల్‌గా నడిపింది. లక్షణాలు లేని సివియర్ రోగుల్లో ట్రోపోనిన్ ఐ లీటరుకు 6 నానోగ్రాములు, ఆపైన ఉన్నా, ఈసీజీలో కండరం మందమైన గుర్తులున్నా ఎం‌ఆర్‌ఐకి పంపారు. గోడ మధ్యలో మచ్చ ఉన్న 224 మందిని బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకి వెంటనే వాల్వ్ మార్చారు, రెండో గుంపుని మామూలు పద్ధతిలో కనిపెట్టుకుని ఉన్నారు. 2024లో ఫలితాలొచ్చాయి. మరణం లేదా వాల్వ్ వల్ల అనుకోకుండా ఆసుపత్రిలో చేరడం: మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 23 శాతం. గణాంకపరంగా తేడా తేలలేదు. అలా ఆసుపత్రిలో చేరడం ఒక్కటే చూస్తే 6 శాతం, 17 శాతం. ఏడాది తర్వాత ఆయాసం లాంటి లక్షణాలున్నవాళ్ళు 19.7 శాతం, 37.9 శాతం.

దీన్ని 'మచ్చ సంగతి తేలిపోయింది, పట్టించుకోనక్కర్లేదు' అని చదవడం సరికాదు. మొత్తం మీద లెక్కకొచ్చిన ఘటనలు 45 మాత్రమే, తేడా పట్టడానికి అవి చాలవు. అలాగని మచ్చ ఉంటే తక్షణం ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుందని రుజువైందనడమూ సరికాదు. అదే ఏడాది వచ్చిన ఎర్లీ టావర్ ట్రయల్ మచ్చతో పనిలేకుండా 65 దాటిన, ట్రెడ్‌మిల్ మీద కూడా లక్షణాలు బయటపడని 901 మందిని చూసింది. మరణం, పక్షవాతం, అనుకోకుండా గుండె కారణాలతో ఆసుపత్రిలో చేరడం కలిపి, ముందే టావీ చేసినవాళ్ళలో 26.8 శాతం, ఆగినవాళ్ళలో 45.3 శాతం. మరణాల్లో పెద్ద తేడా లేదు. కానీ ఆగినవాళ్ళలో 87 శాతం మందికి సుమారు నాలుగేళ్ళలోపే వాల్వ్ మార్చక తప్పలేదు. 'ఆగుదాం' అనుకునేవాళ్ళు ఆగుతున్నది ఏళ్ళ తరబడి కాదని ఈ ఒక్క అంకె చెబుతోంది.

నా అభిప్రాయం ఇది. లక్షణాలు లేని సివియర్ రోగి ఆపరేషన్ ముప్పు తక్కువగా ఉన్న మనిషైతే, ఎన్‌టి-ప్రోబీఎన్‌పీ నిష్పత్తి 3 దాటినా, ట్రోపోనిన్ వరుసగా ఎక్కుతున్నా, ఎం‌ఆర్‌ఐలో గోడ మధ్యన మచ్చ కనిపించినా, తూకం ముందే మార్చడం వైపు మొగ్గుతుంది. ఇవన్నీ మామూలుగా ఉండి, ట్రెడ్‌మిల్ మీద బీపీ పడిపోకుండా బాగా నడవగలిగితే ఆరునెలలకోసారి ఎకో, ఈసీజీ, రెండు రక్తపరీక్షలతో కనిపెట్టుకుని ఉండొచ్చు. ట్రెడ్‌మిల్ తప్పక కార్డియాలజిస్టు పక్కనుండగానే చేయాలి, లక్షణాలు ఉన్నవాళ్ళకి అసలు చేయకూడదు. 'నాకేం ఆయాసం లేదు' అనే పెద్దవాళ్ళలో చాలామంది మెట్లెక్కడం మానేసి, బజారు పనులు పిల్లలకి అప్పజెప్పి ఆయాసం రాకుండా చూసుకుంటున్నవాళ్ళే. పోయిన ఏడాది చేసి ఈ ఏడాది మానేసిన పనులేమిటని ఇంట్లోవాళ్ళని అడిగితే నిజం తెలుస్తుంది.

వాల్వ్ మార్చాక తొలి రోజుల్లో రెండు పరీక్షల అంకెలూ పెరుగుతాయి, ఆపరేషన్ దెబ్బ వల్ల. అప్పుడు చూసి కంగారుపడక్కర్లేదు. మూడు నెలలకు తీసిన ఎన్‌టి-ప్రోబీఎన్‌పీని ఇకమీదట పోల్చుకునే ఆధారంగా పెట్టుకోవాలి. అప్పటికీ దిగకపోతే వాల్వ్ పక్కనుంచి లీకు ఉందా, బీపీ అదుపులో లేదా, లయ తప్పిందా, అమిలాయిడ్ తప్పిపోయిందా అని వరుసగా వెతకాలి. మచ్చ ఉన్నవాళ్ళ డిశ్చార్జి సమ్మరీలో అది ఏ భాగంలో ఎంత ఉందో, ఈసీవీ ఎంతో, ఏ హెమటోక్రిట్‌తో లెక్కకట్టారో, ఏ మిషన్ మీద ట్రోపోనిన్ తీశారో రాయించుకోండి. రెండేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరు చూసినప్పుడు, కొత్తగా వచ్చింది ఏది, పాతది ఏది అని తేల్చడానికి ఆ నాలుగు లైన్లే ఆధారం.